అమ్మకి ఉన్న పళ్ళన్నీ పీకి ఇంప్లాంట్లు పెడతామంటున్నారు, సలహా కావాలి

భీమవరం_బుల్లోడు:
అందరికీ నమస్కారం. మా అమ్మకి 63 ఏళ్ళు. కింద రెండు వైపులా దవడ పళ్ళు లేవు, పైన కుడివైపు మూడు లేవు. కింద ముందు పళ్ళు ఆరూ ఉన్నాయి, వాటిలో ఒక కోర పన్ను కొంచెం కదులుతోంది. పైన మిగతావి పర్వాలేదు. తీసి పెట్టుకునే సెట్టు ఒకటి చేయించాం కానీ అది డబ్బాలోనే ఉంటోంది. అన్నం మెతుకులు కిందికి చేరి చిగురు నొక్కుకుపోతోందని తీసేస్తుంది. ఏది పెట్టినా పులుసులో మెత్తగా కలిపి మింగేయడమే.

మొన్న హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్ళాను. ఓపీజీ ఎక్స్‌రే (నోరంతా ఒకే ఫొటోలో వచ్చేది) తీసి, "ఉన్నవి కూడా ఎలాగూ పోయేవే, అన్నీ తీసేసి పైనా కిందా ఎముకలో స్క్రూల్లాంటి ఇంప్లాంట్లు వేసి మూడు రోజుల్లో ఫిక్స్‌డ్ పళ్ళు ఇచ్చేస్తాం" అన్నారు. 4 లక్షల 80 వేలు. ఈ వారంలో అడ్వాన్స్ కడితే 4 లక్షల 20 వేలట. అమ్మకి షుగర్ ఉంది, మాత్రలు వాడుతోంది. డబ్బు ఎలాగోలా సర్దుతాం. నా టెన్షన్ అల్లా ఒక్కటే: బాగున్న పళ్ళు కూడా తీసేయాలా? ఎవరైనా చేయించుకున్నవాళ్ళు చెప్పండి.

నాగోలు_నాని:
పళ్ళకి కూడా ఆషాఢం డిస్కౌంట్ వచ్చిందన్నమాట. అన్నా, ఈ వారంలోగా కట్టమన్నారంటేనే ఆగి ఆలోచించాలి. ఇంకో డాక్టర్‌కి చూపించు. ఇంతకంటే నాకు తెలీదు.

లెక్చరర్_రిటైర్డ్:
నాకు కింద దవడ పన్ను ఒకటి పోతే ఇంప్లాంట్ వేయించుకున్నాను. నా అనుభవం ఒక్క పన్నుకి సంబంధించింది కాబట్టి అంతవరకే చెబుతాను.

ముందు 3డీ స్కాన్ తీశారు, సీబీసీటీ అంటారు. మామూలు ఎక్స్‌రేలో ఎముక ఎత్తు తెలుస్తుంది గానీ మందం తెలియదు. కింది దవడలో నరం ఎక్కడ పోతోందో కూడా ఇందులో కచ్చితంగా కనిపిస్తుంది. ఆ నరానికి దెబ్బ తగిలితే కింది పెదవి, గడ్డం తిమ్మిరెక్కిపోతాయి. తర్వాత పన్ను పీకేటప్పుడు ఇచ్చేలాంటి మత్తు ఇంజెక్షనే ఇచ్చి, ఎముకలో రంధ్రం చేసి టైటానియం స్క్రూ బిగించారు. నొప్పి గురించి చాలామంది భయపడతారు. నిజానికి పన్ను పీకించుకున్నప్పుడే నాకు ఎక్కువ బాధ అనిపించింది. కుట్లు తీశాక దాదాపు మూడు నెలలు దాన్ని అలాగే వదిలేశారు. ఎముక స్క్రూని పట్టుకోవాలి కదా. ఆ తర్వాత స్క్రూ మీద చిన్న స్తంభంలాంటిది బిగించారు, దాన్ని అబట్‌మెంట్ అంటారు. దాని మీద జిర్కోనియా క్యాప్, అంటే పింగాణీ లాంటి గట్టి పదార్థంతో చేసిన పన్ను తొడుగు.

పక్క పళ్ళు రెండూ బాగున్నాయి కాబట్టి ఇటు మొగ్గాను. బ్రిడ్జి అయితే, అంటే కట్టుడు పన్నుని పక్క పళ్ళకి తగిలించి కట్టేదైతే, వాటిని అరగదీయాలి. మీ అమ్మగారి కేసు వేరు, డాక్టర్లు ఎవరైనా చెబితే బాగుంటుంది.

దంతం_ఖమ్మం:
నేను ప్రోస్తోడాంటిస్ట్‌ని, అంటే పోయిన పళ్ళ స్థానంలో పళ్ళు కట్టే విభాగంలో ఎండీఎస్ చేసినదాన్ని. చూడకుండా వైద్యం చెప్పలేను. కానీ మీ పోస్టులో నన్ను ఆపిన మాట ఒకటుంది: "ఎలాగూ పోయేవే".

ఏ పన్ను పోయేదో ఏది నిలిచేదో ఓపీజీ ఒక్కటి చూసి తేల్చరు. చిగురుకీ పన్నుకీ మధ్య సన్నటి కొలత పుల్ల పెట్టి సందు ఎంత లోతుందో చుట్టూ చూస్తారు, పన్ను ఎంత కదులుతోందో చూస్తారు, వేరు చుట్టూ ఎముక ఎంత మిగిలిందో చిన్న ఎక్స్‌రేలలో చూస్తారు. మీ అమ్మగారికి ఆ పరీక్ష చేశారా? కొంచెం కదిలే పన్ను గార తీసి శుభ్రం చేశాక గట్టిపడటం మేం రోజూ చూస్తాం. వెనక పళ్ళు లేకపోతే నమలడం భారమంతా ముందు పళ్ళ మీదే పడుతుంది, అవి కదలడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఇంకో సంగతి. సొంత పన్నుకీ ఎముకకీ మధ్య సన్నటి తంతువుల పొర ఉంటుంది. రాయి తగిలితే చటుక్కున నోరు తెరిచేది ఆ పొర ఇచ్చే స్పర్శ వల్లే. ఇంప్లాంట్‌కి అది ఉండదు, నేరుగా ఎముకకే అతుక్కుంటుంది. అందుకే బాగున్న పన్ను తీసి ఇంప్లాంట్ పెట్టడాన్ని నేను ప్రమోషన్‌గా చూడను. పోయిన పన్నుకి అది చాలా మంచి ప్రత్యామ్నాయం, ఉన్న పన్నుకి కాదు.

"మూడు రోజుల్లో" అన్నారు కాబట్టి అవి బహుశా బేసల్ ఇంప్లాంట్లు. పొడుగ్గా, అబట్‌మెంట్‌తో కలిపి ఒకే ముక్కగా ఉంటాయి. ఎముక లోపలి మెత్తటి భాగంలో కాకుండా గట్టి పొరలో పట్టు దొరికేలా వేసి, అన్నిటినీ ఒకే బ్రిడ్జితో కట్టేస్తారు. ఎముక బాగా అరిగిపోయిన వాళ్ళ కోసం వచ్చిన పద్ధతి. దాని మీద మా డాక్టర్లలోనే వాదనలున్నాయి. మామూలు ఇంప్లాంట్ల మీద ఉన్నంత దీర్ఘకాల పరిశోధన దాని మీద లేదు. మీ అమ్మగారికి ఎముక ఎంతుందో స్కానే తీయకుండా ఆ పద్ధతికి ఎలా వెళ్ళారో అడగండి.

ఇవి చెప్పండి: షుగర్ మూడు నెలల సగటు ఎంత? గుండెకి, రక్తం పల్చబడటానికి, ఎముకలకి ఏమైనా మందులు వాడుతున్నారా? పొగాకు అలవాటు ఏ రూపంలోనైనా ఉందా?

బే_ఏరియా_బాబాయ్:
4 లక్షల 80 వేలంటే మాకు ఇక్కడ ఒకటీ అరా పళ్ళకి అయ్యే ఖర్చు. కాలిఫోర్నియాలో ఒక్క ఇంప్లాంట్‌కి క్యాప్‌తో కలిపి నాకు 4,500 డాలర్లు చెప్పారు. డెంటల్ ఇన్సూరెన్స్ ఏడాదికి 1,500 డాలర్లతో చేతులు దులిపేసుకుంటుంది. అందుకే సెలవులకి వచ్చినప్పుడు విజయవాడలో చేయించుకున్నా.

అలా వచ్చేవాళ్ళకి ఒక మాట. స్క్రూకీ క్యాప్‌కీ మధ్య నెలల ఎడం ఉంటుంది, కాబట్టి రెండు రాకలకి సరిపడా ప్లాన్ చేసుకోండి. వేసిన ఇంప్లాంట్ కంపెనీ, మోడల్, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న కార్డు గానీ స్టిక్కర్ గానీ తప్పకుండా అడిగి తీసుకోండి. రేపు లోపలి స్క్రూ వదులైతే ఇక్కడి డాక్టర్‌కి సరిపడే స్క్రూడ్రైవర్ ఏదో తెలియాలి. ఆ వివరాలు లేకపోతే మేం ముట్టుకోం అనే క్లినిక్‌లే ఎక్కువ.

ఇండియాలో హెల్త్ పాలసీలు కూడా యాక్సిడెంట్ వల్ల అయితే తప్ప పళ్ళ ఖర్చు మామూలుగా ఇవ్వవు. మా బావమరిది క్లెయిమ్ పెట్టి తిప్పి పంపించుకున్నాడు.

భీమవరం_బుల్లోడు:
డాక్టర్ గారూ, చాలా థాంక్స్ అండి. కొలత పుల్లతో ఏమీ చూడలేదు, అద్దం పెట్టి చూసి ఎక్స్‌రే తీశారంతే. హెచ్‌బీఏ1సీ, అదే మీరడిగిన షుగర్ మూడు నెలల సగటు, 8.1 ఉంది. గుండె మందులేం లేవు. పొగాకు లేదు, భోజనం తర్వాత వక్కపొడి మాత్రం ఉంది.

ఎముకలకి అంటే, రెండేళ్ళ క్రితం బాత్రూంలో జారిపడి మణికట్టు విరిగింది. అప్పుడు ఎముకలు గుల్లబారాయని చెప్పి ఏడాదికోసారి సెలైన్‌లో ఒక ఇంజెక్షన్ ఇస్తున్నారు. చీటీలో జోలెండ్రోనిక్ యాసిడ్ అని ఉంది. పోయినసారి సంక్రాంతికి ముందు చేయించాం. క్లినిక్‌లో ఇది వాళ్ళు అడగలేదు, మాకూ చెప్పాలని తట్టలేదు. పళ్ళకీ దానికీ సంబంధం ఉంటుందా?

దంతం_ఖమ్మం:
ఉంటుంది. అడ్వాన్స్ కట్టకుండా ఆగండి.

ఎముక అనేది పాతది కరుగుతూ కొత్తది పుడుతూ ఉండే పదార్థం. ఈ మందు ఆ కరగడాన్ని బాగా తగ్గిస్తుంది. తుంటికీ వెన్నుకీ అది మేలు. కానీ దవడలో పన్ను పీకినా, రంధ్రం చేసినా ఆ గాయం మానాలంటే అదే కరిగి పుట్టే పని జరగాలి. అది మందగించడం వల్ల కొద్దిమందిలో చిగురు మూసుకోక, ఎముక బయటపడి, చచ్చిపోతుంది. దవడ ఎముక కుళ్ళు అని పేషెంట్లకి చెబుతుంటాం. మొదలైతే నెలల తరబడి తిప్పలు.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏడాదికోసారి 5 మిల్లీగ్రాములు తీసుకునే ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారడం) వాళ్ళలో ఇది చాలా అరుదు. క్యాన్సర్ ఎముకలకి పాకినవాళ్ళకి ఇదే మందు నెలనెలా ఇస్తారు, అసలు ప్రమాదం వాళ్ళకి. ఈ ఇంజెక్షన్ తీసుకునేవాళ్ళకి ఇంప్లాంట్లు వేయకూడదనీ కాదు, జాగ్రత్తలతో వేస్తారు. కానీ షుగర్ 8 దాటి ఉండి, ఈ మందు ఒంట్లో ఉండి, ఒకే సిట్టింగ్‌లో నోట్లో పళ్ళన్నీ పీకడమంటే దేనికి? ఇక్కడ ఇంప్లాంట్ కంటే పళ్ళు పీకడమే పెద్ద గాయం.

ఇంజెక్షన్ ఒక నెల ఆపేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ మందు ఎముకలో ఏళ్ళ తరబడి ఉంటుంది. పోనీ అని సొంతంగా మానేయొద్దు కూడా. ముఖ్యంగా ఆరు నెలలకోసారి తీసుకునే డెనోసుమాబ్ అనే ఇంకో ఇంజెక్షన్ ఉంది, అది తీసుకునేవాళ్ళు డోసు దాటేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. ఎముకల డాక్టరూ పళ్ళ డాక్టరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. మీరు ఆ చీటీ చేతిలో పట్టుకుని వెళ్ళండి.

వక్కపొడి మాన్పించండి. అది వేరే కథ, అయినా మాన్పించండి.

ఒంగోలు_గిత్త:
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు చెబుతా. మా నాన్నకి మూడేళ్ళ క్రితం ఈ మూడు రోజుల పద్ధతిలోనే పైనా కిందా వేయించాం. ఆయనకి అసలు పళ్ళే లేవు, ఎముక కూడా అరిగిపోయింది. మామూలు ఇంప్లాంట్ అయితే ఎముక పొడి వేసి ఆరేడు నెలలు ఆగాలన్నారు. ఇప్పుడు వేరుశనక్కాయలు, చేగోడీలు అన్నీ తింటున్నాడు. పెళ్ళిళ్ళకి వెళ్ళి ఆకులో ముందు గారె చూసుకుంటాడు. అన్నిటినీ మోసం అనేయకండి.

దంతం_ఖమ్మం:
మోసం అనలేదండి. మీ నాన్నగారిది ఆ పద్ధతికి సరైన కేసే అనిపిస్తోంది: పళ్ళు లేవు, ఎముక లేదు. ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నారా? అన్నీ కలిపి కట్టి ఉంటాయి కాబట్టి ఒక స్క్రూ వదులైనా మిగతావి మోస్తూనే ఉంటాయి, పేషెంట్‌కి తెలియదు. బాగున్నప్పుడే ఎక్స్‌రే తీయించండి.

తులసికోట:
మధ్యలో అడ్డొస్తున్నాను, క్షమించండి. ఎముక పొడి అన్నారు కదా, అది దేని ఎముక? మా అత్తగారికి పైన వెనక పన్నుకి ఎముక పొడి వేయాలన్నారు. మేం శాకాహారులం. ఆవిడ "ఏ జంతువుదో కనుక్కో, లేకపోతే నాకు పన్నే వద్దు" అంటున్నారు.

దంతం_ఖమ్మం:
అత్తగారు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. మామూలుగా వాడేవాటిలో ఎక్కువ భాగం ఆవు జాతి పశువుల ఎముక నుంచి చేసినవే. బయో-ఆస్ అని బాగా పేరున్నది అలాంటిదే. దాని మీద కప్పే కొలాజెన్ పొర చాలాసార్లు పంది నుంచి వస్తుంది. ఎముక పొడిని శుద్ధి చేసి, వేడి చేసి, ఖనిజం మాత్రమే మిగిలేలా చేస్తారు, వైద్యపరంగా ఇబ్బంది లేదు. కానీ పేషెంట్ నమ్మకానికి సంబంధించిన విషయం, ముందే చెప్పాలి. చాలామంది చెప్పరు.

ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. ల్యాబ్‌లో చేసిన హైడ్రాక్సీఅపటైట్, బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌లో జంతు పదార్థం ఉండదు. లేదా ఆవిడ ఎముకే, జ్ఞాన దంతం వెనక నుంచి గానీ గడ్డం దగ్గర నుంచి గానీ కొద్దిగా తీసి వాడొచ్చు, ఇంకో గాయం అవుతుంది కాబట్టి తక్కువ చేస్తాం. పై దవడలో వెనక వైపు పళ్ళ పైనే సైనస్ అనే గాలి గది ఉంటుంది. పన్ను పోయాక అది కిందికి దిగి ఎముక పల్చబడుతుంది, అందుకే అక్కడ పొడి అవసరం పడుతుంది. కొన్నిసార్లు పొట్టి ఇంప్లాంట్‌తో పొడి లేకుండానే గడిచిపోతుంది. అది కూడా అడగండి. కన్సెంట్ ఫారంలో "జంతు సంబంధిత పదార్థం వద్దు" అని తెలుగులోనే రాసి సంతకం పెట్టమనండి.

సిక్కోలు_సీను:
మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. ఈమధ్యే మానేసింది. పైన పళ్ళన్నీ పోయాయి. ఇంప్లాంట్ కుదురుతుందా?

దంతం_ఖమ్మం:
ముందు అంగిలి చూపించండి. అడ్డపొగ వల్ల అంగిలి మీద తెల్లటి మచ్చలు, పుళ్ళు, క్యాన్సర్ వస్తాయి. మన ఉత్తరాంధ్ర తీరంలో మహిళల్లో ఎక్కువగా చూసేది అదే. పళ్ళ సంగతి ఆ తర్వాత. ప్లాస్టిక్ సెట్టు పెట్టాలన్నా అది అంగిలిని పూర్తిగా కప్పేస్తుంది, కింద ఏమున్నా కనిపించదు. ఈ వారమే తీసుకెళ్ళండి.

నాగోలు_నాని:
ఒక డౌట్. మా ఆఫీసు పక్క క్లినిక్ బోర్డు మీద "లైఫ్‌టైమ్ గ్యారంటీ" అని ఉంది. స్విట్జర్లాండ్‌ది ఒక రేటు, కొరియాది ఒక రేటు. నిజంగా ఎన్నేళ్ళు వస్తాయి? ఖరీదైనది తీసుకోవాలా?

లెక్చరర్_రిటైర్డ్:
ఎన్నేళ్ళు అనేదానికి చరిత్రలో ఒక మంచి కేసు ఉంది నానీ. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టర్ 1952 ప్రాంతంలో ఎముకలో రక్తప్రసరణ మీద పరిశోధన చేస్తూ కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం అమర్చాడు. పని అయ్యాక తీద్దామంటే రాలేదు, ఎముక దాన్ని పట్టేసింది. పళ్ళతో సంబంధమే లేని పరిశోధన అది! 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో వేశాడు. ఆ పేషెంట్ 2006లో చనిపోయాడు, అప్పటిదాకా ఆ ఇంప్లాంట్లు పనిచేస్తూనే ఉన్నాయి. మిగతా ప్రపంచం మాత్రం వెంటనే నమ్మలేదు. 1982లో టొరంటోలో జరిగిన సదస్సు తర్వాత గానీ అమెరికా డాక్టర్లు దీన్ని ఒప్పుకోలేదు.

గ్యారంటీ కాగితం మాత్రం పూర్తిగా చదువు. చాలాసార్లు కంపెనీ డాక్టర్‌కి కొత్త స్క్రూ ఉచితంగా ఇస్తుందంతే. మళ్ళీ ఆపరేషన్, స్కాన్, క్యాప్ ఖర్చు ఎవరిదో అందులో ఉండదు.

దంతం_ఖమ్మం:
స్ట్రామన్, నోబెల్ బయోకేర్ స్విస్ బ్రాండ్లు. ఆస్టెమ్, డెంటియం కొరియావి. కొరియావి చవకైనంత మాత్రాన నాసిరకం కావు, నేను రెండూ వాడతాను. పదేళ్ళ తర్వాత కూడా ఆ కంపెనీ విడిభాగాలు దొరుకుతాయా అన్నది చూడండి. పేరు ఎప్పుడూ వినని బ్రాండ్ అయితే వద్దు.

ఇంప్లాంట్‌కి పిప్పి రాదు కానీ చిగురు జబ్బు వస్తుంది. చుట్టూ ఎముక కరిగిపోతుంది, నొప్పి ఉండదు, అదే చిక్కు. క్యాప్ అతికించినప్పుడు సిమెంట్ కొంచెం చిగురు కిందికి జారి ఉండిపోయినా మొదలవుతుంది. అందుకే నేను వీలైనంతవరకు స్క్రూతో బిగించే క్యాప్ వేస్తాను. సిగరెట్, గుట్కా మానని వాళ్ళకి ఇంప్లాంట్ వేయనని మొహం మీదే చెప్పేస్తాను. వాళ్ళు పక్క వీధిలో వేయించుకుంటారు, అది వేరే సంగతి.

భీమవరం_బుల్లోడు:
అప్‌డేట్. అడ్వాన్స్ కట్టలేదు. ఆ క్లినిక్ నుంచి రోజూ ఫోన్, చివరికి నంబర్ బ్లాక్ చేశాను.

అమ్మని ఒక డెంటల్ కాలేజీకి తీసుకెళ్ళాను. నాలుగు గంటలు కూర్చోబెట్టారు గానీ చూడటం మాత్రం తీరిగ్గా చూశారు. చిగుళ్ళ విభాగం వాళ్ళు ఒక్కో పన్ను చుట్టూ కొలిచి అంకెలు రాసుకున్నారు. సీబీసీటీ తీశారు. ముందు పళ్ళు ఆరూ ఉంచొచ్చన్నారు! కదిలే కోర పన్ను కూడా. లోపల విరిగి ఉండిపోయిన వేరు ముక్క ఒకటుంది, అది ఇప్పుడు నొప్పి లేదు, చీము లేదు కాబట్టి ప్రస్తుతానికి కదపం అన్నారు. ఎముకల డాక్టర్‌కి వాళ్ళే లెటర్ రాసిచ్చారు.

ప్లాన్ ఇదీ: ముందు డీప్ క్లీనింగ్, షుగర్ 7 దగ్గరికి తేవడం. తర్వాత పైనా కిందా లోహపు ఫ్రేమ్ ఉన్న సెట్టు, కాస్ట్ పార్షియల్ అంటున్నారు. పాత ప్లాస్టిక్ సెట్టు చిగురు మీదే కూర్చుంటోందట, ఇది ఉన్న పళ్ళ మీద ఆనుకుంటుంది కాబట్టి నొక్కుకోవడం తగ్గుతుందన్నారు. ఆరు నెలలు చూసి, అంతా బాగుంటే, కింద వెనకాల అటొకటి ఇటొకటి రెండే ఇంప్లాంట్లు వేసి సెట్టుని వాటి మీద కూర్చోబెడదాం అన్నారు. ఫిక్స్‌డ్ పళ్ళు కాదని అమ్మ కొంచెం చిన్నబుచ్చుకుంది. "రాత్రిపూట తీసి నీళ్ళలో పెట్టే పళ్ళు ముసలాళ్ళవిరా" అంటోంది.

దంతం_ఖమ్మం:
మంచి ప్లాన్. నేనైనా దాదాపు ఇదే చెప్పేదాన్ని. అమ్మగారికి చెప్పండి, ఆ రెండు ఇంప్లాంట్లు కుదిరితే సెట్టు వెనక వైపు చిగురులోకి దిగబడటం పోతుంది, కదలదు. మొదటి వారం రెండు వారాలు ఒరుసుకుంటుంది, ఇంట్లో ఆకురాయితో అరగదీయకండి (చేసినవాళ్ళున్నారు), కాలేజీకే తీసుకెళ్ళండి. నమలడం ఇడ్లీ, ఉప్మాతో మొదలుపెట్టి రెండు వైపులా సమానంగా నమలమనండి.

ఒంగోలు_గిత్త:
మా నాన్నకి ఎక్స్‌రే తీయించా. కుడివైపు వెనక ఒకదాని చుట్టూ ఎముక కొంచెం తగ్గిందన్నారు. క్లీనింగ్ చేసి, నీటి ధారతో సందులు కడిగే వాటర్ ఫ్లాసర్ వాడమన్నారు. గారెలకి అడ్డేం లేదట.

వరంగల్_వాణి:
ఇక్కడే అడుగుతున్నా, కొత్త చర్చ పెట్టాలా తెలియదు. మా బాబుకి 16 ఏళ్ళు, కబడ్డీ ఆడుతూ పై ముందు పన్ను పోగొట్టుకున్నాడు. కాలేజీలో నవ్వుతున్నారని ఫొటోలు కూడా దిగట్లేదు. వెంటనే ఇంప్లాంట్ వేయించమని వాళ్ళ నాన్న పట్టుబడుతున్నారు.

దంతం_ఖమ్మం:
ఇప్పుడే వద్దు వాణి గారూ. దవడ ఇంకా పెరుగుతోంది. పక్క పళ్ళు దవడతో పాటు కిందికి దిగుతాయి, ఇంప్లాంట్ మాత్రం ఎముకలో బిగుసుకుని ఉన్నచోటే ఉండిపోతుంది. కొన్నేళ్ళకి ఆ పన్ను ఒక్కటే పొట్టిగా, పైకి ఉన్నట్టు కనిపిస్తుంది, చిగురు గీత కూడా కలవదు. మగపిల్లల్లో ఎదుగుదల ఆగేసరికి ఇరవై దాటొచ్చు.

అంతవరకు పక్క పన్ను వెనక వైపు అతికించే బ్రిడ్జి చేయించండి, మేరీల్యాండ్ బ్రిడ్జి అని అడగండి. పక్క పళ్ళని అరగదీయాల్సిన పని దాదాపు ఉండదు, బయటికి మామూలు పన్నులాగే ఉంటుంది. ఎప్పుడైనా ఊడితే మళ్ళీ అతికించొచ్చు. మళ్ళీ కబడ్డీకి వెళ్ళేటప్పుడు మాత్రం కొలతలు ఇచ్చి చేయించిన మౌత్‌గార్డ్ పెట్టుకోమనండి. షాపులో కొనేది కాదు.